రాయి మింగిన పేరు

అసురసంధ్య...

పడమటి కొండల మీద సూర్యబింబం కోతపడిన గాయంలా ఎర్రబారి, దేవదారు వనాల నల్లని నోట్లోకి జారిపోతోంది. గొంతు నొక్కిపట్టిన మనిషి మూలుగులా చెర్నీత్సా నది హోరుమంటోంది. బండల సందుల్లో గుడ్లగూబ ఒక్కసారి కూసి, తన కూతకు తానే జడిసినట్టు ఊరుకుంది...

ఆ నది మీద ఒంటి కమాను రాతి వంతెన! కామెన్‌దోల్ ఊళ్లోకి రావాలన్నా, ఊరు దాటిపోవాలన్నా అదొక్కటే దారి. ఎగువ ఊళ్ల వంతెనలు పోయాయి, దిగువ ఊళ్ల వంతెనలు పోయాయి. ఎన్ని ప్రళయప్రవాహాలు వచ్చి ఢీకొన్నా ఇది మాత్రం ఒక్క రాయి రాలకుండా నిలిచింది. ఎందుకు నిలిచిందో ఊరందరికీ తెలుసు. పగలు కట్టిన కమాను రాత్రికి కూలిపోతుంటే, అన్నం తెచ్చిన ఒక మేస్త్రీ భార్యను సజీవంగా నిలబెట్టి, చుట్టూ రాళ్లు పేర్చి, సున్నంతో కప్పేశారట... పాలు తాగే బిడ్డ తల్లి అట! ఆమె ఎవరో, ఏ పేరో మాత్రం ఎవరికీ తెలియదు.

ఆ పేరు దొరికిందన్న సంతోషంతోనే యాగోద ఆ సాయంత్రం వంతెన నడిమధ్య నిలబడి ఉంది. ఊరి బడిలో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పే మనిషి. పఠనమందిరం వాళ్లు ‘మన ఊరి చరిత్ర’ పోటీ పెట్టారని తెలిసిన దగ్గర్నుంచి కొండపల్లెలన్నీ తిరిగి ముసలమ్మల దగ్గర జోలపాటలు సేకరించింది. ఇల్యా మహర్షి పండుగ నాడు నది ఒడ్డున, ఊరంతా వింటుండగా ఎవరు రాసింది వాళ్లు చదవాలి. మెరుపుల రథం మీద ఉరుములు తోలుకుంటూ ఆకాశాన తిరిగే ఆ మహర్షి పండుగంటే కామెన్‌దోల్‌కి పెద్ద పండుగ.

"ఇంకా ఇంటికి పోలేదా అమ్మాయ్?"

వెనుక నుంచి గొంతు. యాగోద తిరిగి చూసింది. పఠనమందిరం పెద్ద, హరలాంపి. పాలనురుగులాంటి గడ్డం, తాపీ మేస్త్రీల వంశం. ఆమె మడమల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, ఎర్రదారం ఒకటి రాళ్ల మీద పొడవుగా పరుస్తున్నాడు.

"ఏం కొలుస్తున్నారు తాతా?"

"పగుళ్లు తల్లీ. రాయికీ వయసైపోతుంది. అప్పుడప్పుడూ కాస్త పూత పూయాలి." దారం మీంచి చూపు తిప్పకుండానే అడిగాడు. "నువ్విచ్చిన సారాంశం చదివాను. ఆవిడ పేరు కనుక్కున్నానని రాశావు. పేరు మాత్రం రాయలేదే?"

"పండగనాడు చదువుతాగా. ముందే చెప్పేస్తే పోటీలో మజా ఏముంది? మా ఆయనక్కూడా చెప్పలేదు."

"ఎవరికీ చెప్పలేదూ? మంచిదే... కదలకు. ఒక్క క్షణం."

ఆ దారం ఆమె మడమ దగ్గర మొదలై, అస్తమయకాంతిలో సాగిన ఆమె నీడ వెంట పాకి, నీడ తల దగ్గర ఆగింది. అక్కడ కత్తిరించి, ముడివేసి, జేబులో పెట్టుకున్నాడు హరలాంపి. యాగోద అరికాళ్లలోంచి శ్మశానశీతలమైన చలి ఒకటి పైకి పాకింది...

మర్నాడు పొద్దున్నే పట్నం వెళ్లాలని బస్సెక్కింది. బస్సు నడిపేది ఆమె మొగుడు స్పాస్. వంతెన నడుమకు రాగానే ఆమె లేచి, తలుపు తెరుచుకుని దిగి, ఊరివైపు నడవసాగింది.

"ఏమే, నా బండి ఎక్కడం నామోషీ అయిందా?" అని స్పాస్ అరిచాడు. బస్సులో వాళ్లు నవ్వారు.

తను ఎప్పుడు దిగిందో యాగోదకు తెలియలేదు. ఈసారి నడిచి వెళ్లింది. నది దాటుతున్నాననే అనుకుంది, కళ్లెత్తి చూస్తే ఎదురుగా మళ్లీ తమ ఊరి గంటగోపురమే. స్పాస్ మొదట పరాచికాలాడాడు. తర్వాత నవ్వు మాని ఆమెను వీపున ఎక్కించుకుని బయలుదేరాడు. నడిమధ్య రాయి తగలగానే ఆమె గొంతులోంచి ఆమెది కాని ఆక్రందన ఒకటి లేచింది... కొండలు దద్దరిల్లాయి! స్పాస్ మోకాళ్ల మీద కూలబడ్డాడు. లేచి నేలకేసి చూశాడు. తన నీడ ఉంది. ఒక్క తన నీడే ఉంది.

"యాగోదా," అన్నాడు, "నీ నీడేదే?"

అది మొదలు ఆమెకు అన్నం సహించలేదు. రొట్టె తుంచి నోట్లో పెట్టుకుంటే తడిసున్నం రుచి. తెల్లారి లేస్తే గోళ్లలో రాతిపొడి. నాలుగు గోడల మధ్య కూర్చుంటే ఆ గోడలు ఒక్కొక్క వేలెడు చొప్పున దగ్గరికి జరుగుతున్నట్టు ఊపిరాడేది కాదు. బయటికొస్తే ఊరే గోడలయ్యేది. స్పాస్ బతిమాలాడు, "ఆ పేరేదో నాకైనా చెప్పవే." చెప్పబోయింది. మాట నాలుక కొసకు రాగానే నోరంతా సున్నంతో నిండిపోయి, తెల్లని పేస్టు పెదవుల చివర్ల నుంచి కారింది. రాసి చూపించబోతే వేళ్లు కొయ్యబారాయి.

ప్రతి అసురసంధ్యకూ ఆమెలోంచి వేరొకామె మాట్లాడేది. కళ్లు తేలవేసి, రొమ్ములు రెండు చేతులా అదుముకుని, వెనకటి కాలపు యాసలో అడిగేది.

"నా పేరేందమ్మా? నా బిడ్డ పాలు తాగాడా?"

స్పాస్ చెవులు మూసుకునేవాడు. ఆ అడగడంలో క్రోధం లేదు. ఎన్ని వందల ఏళ్లుగానో అడుగుతున్న అలసట ఉంది... అదే భరించలేకపోయేవాడు.

చివరికి ఊరి చివర ఉండే గ్రూద అవ్వను పిలుచుకొచ్చాడు. ఊళ్లోకెల్లా ముసలామె. వచ్చి, యాగోద కాళ్ల చుట్టూ నేలను తడిమి, తల పట్టుకుని కూర్చుంది.

"నీడను కొలిచేశాడే పిల్లా. ఆ దారం రాళ్లలో పెట్టి పూత పూస్తే నీడ లోపల, మనిషి బయట. ఎన్నాళ్లుంటుంది అట్లా? మనిషి కూడా నీడ దగ్గరికే పోతుంది."

"ఎవడు?" అన్నాడు స్పాస్.

"ఎవడేంట్రా. నేను జడలేసుకునే వయసప్పుడు కూడా హరలాంపి గడ్డం ఇంతే తెల్లగా ఉండేది. నువ్వెప్పుడైనా ఆలోచించావా? ఊళ్లో ఎవడూ ఆలోచించడు. అదీ వాడి మాయే." అవ్వ గొంతు తగ్గించింది. "మా అక్క బోయానా కూడా ఇట్లాగే పోయింది. అప్పుడూ పఠనమందిరంలో పోటీ పెట్టారు. అక్క వంతెన గురించే రాసింది. పౌర్ణమి తిరిగి రాకముందే వంతెన కింద తేలింది. నాకంతా తెలుసు. భయపడి నోరు మూసుకున్నా. ఇన్నేళ్లూ మూసుకునే ఉన్నా."

"పోయి వాడి గొంతు పిసికేస్తా," అని లేచాడు స్పాస్.

"నువ్వు వాణ్ణి ముట్టుకుంటే ఆ దారం తెగుద్ది. దారంతో పాటే ఇదీ. కూర్చో."

మిట్టమధ్యాహ్నం... పక్షి అలికిడి లేని వేళ! యాగోద పాదాలు ఆమెను అడగకుండానే లేచి నడిచాయి. గుమ్మం దాటాయి, గట్టు దిగాయి, కమాను కింది చీకటిలోకి తీసుకుపోయాయి. అక్కడ, తడిరాళ్ల మధ్య గూడులాంటి కంత. ఆ గూటిలో కపాలం! కనుగుంటల నిండా కుంకుమవర్ణపు దారాలు. దవడల మధ్య గట్టిపడిన సున్నపుముద్ద. దాని ముందు తెగిన నల్లకోడిపుంజు నెత్తురు బండమీద పారుతుండగా, హరలాంపి అర్ధనిమీలిత నేత్రాలతో ఏవో వికృతమంత్రాలు గొణుగుతున్నాడు. చుట్టిన దారాలన్నిటి మీదా కొత్తగా మెరుస్తున్నది తనదే. యాగోద గుర్తుపట్టింది.

"వచ్చావా అమ్మాయ్," అన్నాడు తల తిప్పకుండా. "ఇదే మా మూలపురుషుడు పేర్చిన మొదటి రాయి. దీని నోరు కట్టినన్నాళ్లూ వంతెన కదలదు. నేనూ కదలను."

యాగోద అరవాలని నోరు తెరిచింది. గాలి కూడా రాలేదు.

"అరుచుకో. రాయికి చెవులుండవు." అతను నింపాదిగా చేతులు కడుక్కున్నాడు. "పోటీ ఎందుకు పెడతాననుకున్నావు? సొమ్ము ఎక్కడ దాచారో ఇంటివాళ్లే దొంగకు చెప్పేస్తారు, కాస్త పొగిడితే చాలు. ఆ పేరు ఊళ్లో ఎవరి దగ్గర మిగిలుందో వాళ్లే వెతికి, రాసి, తెచ్చి నా చేతిలో పెడతారు. ఆ తర్వాత వాళ్లుండరు, పేరూ ఉండదు. పేరు గుర్తున్నంతవరకే అది మనిషి. మరిచిపోతే నా బంటు. పండగ సాయంత్రం నువ్వే నడిచొచ్చి ఈ నీళ్లలో పడుకుంటావు. దిగులుపడకు, మొదటి బహుమతి నీ పేరనే ఇప్పిస్తాను."

ఇల్యా మహర్షి పండుగ వచ్చింది. పొద్దున్నుంచే ఆకాశం కాటుకపూసినట్టు కమ్ముకుంది. కొండల వెనుక ఎక్కడో రథచక్రాలు దొర్లుతున్నట్టు ఉరుములు... నది ఒడ్డున బల్లలు వేశారు. గొర్రెమాంసం ఉడుకుతోంది. ఒకాయన పాత మర గురించి చదివాడు. ఇంకొకాయన తోడేళ్లు ఊళ్లో పడిన చలికాలం గురించి చదువుతూ తోడేళ్ల సంఖ్య పెంచుకుంటూ పోతే, "నిరుడు చెప్పినప్పుడు మూడే కదరా" అని ఎవరో అన్నారు. జనం పగలబడి నవ్వారు.

హరలాంపి లేచాడు. "మన పంతులమ్మ యాగోదకు ఒంట్లో బాగోలేదు. కాబట్టి ఈసారి ఆమె వ్యాసం..."

"బాగానే ఉంది," అన్నాడు స్పాస్. భార్యను రెండు చేతులా ఎత్తుకుని జనం మధ్యలోంచి వచ్చాడు. ఎముకలగూడైపోయిన ఆమెను బల్లముందు నిలబెట్టి, నడుం పట్టుకున్నాడు. "చదువుతుంది. వినండి."

యాగోద నోరు తెరిచింది. హరలాంపి చెయ్యి ఎర్రదారం కొస దాచుకున్న జేబులోకి పోయింది. వెంటనే ఆమె నోట్లో సున్నం పొంగింది. కళ్లు బయటికి వచ్చాయి. జనం లేచి నిలబడ్డారు. మాట లేదు... మాటకు దారే లేదు! చుట్టూ అంతమంది మనుషులు, తన మొగుడి చేతులు, అయినా ఆమె రాళ్ల మధ్యే ఉంది. అప్పుడు ఆమెకు తట్టింది, పాటకు మాట అక్కర్లేదని. పెదవులు మూసుకుని, ముక్కుతో, పల్లెపల్లెనా విన్న ఆ జోలపాట బాణీ కూనిరాగం తీసింది.

జేబులో చెయ్యి మెలితిరిగింది. రాగం ఆగలేదు.

గ్రూద అవ్వ తల ఎత్తింది. పాట అందుకుంది.

"నిద్దరోరా చిట్టి, నీళ్ల దాపున నిద్దరోరా... రాతికడ అమ్మ ఉంది, లాలి పాడుతోంది..."

పక్కనున్న ఆడవాళ్లు అందుకున్నారు. ఆ పాట విని నిద్రపోని బిడ్డ ఆ ఊళ్లో లేదు. బల్లల దగ్గర, పొయ్యిల దగ్గర, ఒడిలో పసివాళ్లతో కూర్చున్న తల్లులందరూ పాడుతున్నారు.

"రూసా... రూసా... నా..."

"ఆపండి!" హరలాంపి గర్జించాడు. "పండగపూట ఏడుపులేంటి?"

గ్రూద అవ్వ ఆగింది. ఆమె ముఖంలో ఏదో వెలిగింది. "ఆగండే... ఇది మన ‘జోజో’ లాంటి లాలిమాట అనుకున్నాం ఇన్నాళ్లూ. కాదు. ఇది పేరు." ఆమె కర్ర ఊతంగా నిలబడి, వంతెన వైపు తిరిగింది. బోయానా పోయిన నాటి నుంచి బిగిసిన గొంతు విప్పింది. "రుసానా! ఓ రుసానా! ఇటు రావే తల్లీ!"

ఆకాశం చీలింది. మెరుపు వంతెన మీద పడింది...

కమాను రాళ్ల సందుల్లోంచి సున్నం కన్నీళ్లలా కారసాగింది. ఆ తెలుపులోంచి ఒక నీడ విడివడి, జుట్టు విరబోసుకుని, తడిసిన పైట ఒత్తుకుంటూ ఒడ్డుకు నడిచివచ్చింది. ఆమె వెనుక మరెన్నో నీడలు. వాటిలో రెండు జడల ఆడపిల్ల ఒకతె... అక్కను గుర్తుపట్టి గ్రూద అవ్వ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఈసారి యాగోద నోటితో కాదు, తన నోటితోనే అడిగింది ఆమె.

"నా బిడ్డ పాలు తాగాడా?"

గ్రూద అవ్వే నాలుగడుగులు ముందుకు వేసింది.

"తాగాడమ్మా. ఊళ్లో ఆడవాళ్లు వంతులేసుకుని ఇచ్చారు. లేకపోతే నీ లాలిపాట మా దాకా ఎట్లా వచ్చేది? పెరిగాడు. పెళ్లాడాడు. ఇదిగో, వీళ్లంతా వాడి పిల్లలే."

రుసాన ఆ ముఖాలన్నిటినీ ఒక్కొక్కటిగా చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా హరలాంపి వైపు తిరిగింది.

అతను పరుగెత్తాడు. దారాలు బిగించడానికి కమాను కిందికి దూకాడు. గూటిలోని కపాలం దవడల మధ్యనుంచి సున్నపుముద్ద పగిలి రాలింది. ఎర్రదారాలు పటపటమని వాటంతటవే విడిపోతుంటే, ఒక్కొక్క ముడితోనూ అతని ఒంట్లోంచి ఎవరిదో ఒక ఆయుష్షు జారిపోయింది. గడ్డం రాలింది, చర్మం ముడుచుకుంది, వెన్ను విల్లులా వంగింది. "నేను కట్టేసిన దానివి! నా దాసివి!" అంటూ ఎండుటాకులాంటి గొంతుతో అరిచాడు.

"నేను రుసానని," అందామె.

అంతే, వంతెనను ఎత్తిపట్టుకున్న చేతులు వదిలేసింది. మహర్షి రథం నెత్తిమీదుగా దొర్లినట్టు ఉరుము ఉరిమింది. ఇన్ని వరదలకూ జంకని కమాను, పొడిమట్టిలా మాంత్రికుడి మీద కూలిపోయింది! నది ఒక్కసారి నల్లగా పైకి లేచి, అతన్నీ అతని అరుపునూ కలిపి మింగి, మళ్లీ మామూలుగా పారసాగింది.

మబ్బులు విడి ఎండ పడింది. యాగోద నోరు తుడుచుకుని కిందికి చూసింది. కాళ్ల దగ్గర తన నీడ, పొడవుగా, పెంపుడు కుక్కలా పడుకుని ఉంది. ఆమె చెప్పులు విడిచి నీళ్లలోకి దిగి, కూలిన రాళ్ల మీదుగా మోకాలి లోతున నడిచి అవతలి ఒడ్డెక్కింది. అక్కడ గడ్డిలో కూర్చుని ఏడ్చింది.

"బాగానే ఉంది," అన్నాడు ఇవతలి ఒడ్డున స్పాస్, చెంపలు తుడుచుకుంటూ. "ఇక నా బస్సు ఎటు పోవాలో కూడా చెప్పి పో."

శిథిలాల్లో హరలాంపి ఎముక ఒక్కటీ దొరకలేదు. కపాలం మాత్రం ఇసుకలో చెక్కుచెదరకుండా ఉంది. ఆడవాళ్లు దాన్ని పాలతో కడిగి, కొత్త గుడ్డలో చుట్టి, చర్చి ఆవరణలో గుంట తీయించారు. శిలువ మీద పేరు చెక్కుతూ పూజారి ఆగాడు.

"రుసాన అని చెక్కాను. ఇంటిపేరు ఏం రాయమంటారు? ఈమె ఏ ఇంటి మనిషి?"

ఒకామె లేచి, "మా ఇంటి మనిషే, మా పేరు రాయండి," అంది. ఆ మాట పూర్తికాకముందే ఇంకొకామె లేచింది. ఆ వెనుక మరొకరు. చూస్తుండగానే ఊళ్లోని ప్రతి గడపవాళ్లూ లేచి నిలబడ్డారు.