విప్పి చూడని బట్ట

శనివారం పొద్దున. అమెరికాలోని పిస్కాటవే ఊళ్ళో, మోహన్ వాళ్ళింట్లో ఇడ్లీలు ఆవిరి మీద ఉన్నాయి. అతను ఆఫీస్ కాల్‌లో ఉన్నాడు. అతని భార్య శ్రీవిద్య చట్నీకి పోపు పెడుతుండగా, పదకొండో క్లాసు చదివే కూతురు స్మృతి మెట్లు దిగుతూనే అడిగింది.

"అమ్మా, సాటర్డే స్కూల్ చిన్వే ఆంటీ ఇచ్చిన క్లాత్ ఎక్కడుంది? ఇవాళ అక్కడి ఫంక్షన్‌కి అందరూ అదే వేసుకోవాలి."

శ్రీవిద్య చేతిలో గరిటె ఆగింది. "ఏ క్లాత్?"

"బ్లూ అండ్ ఆరెంజ్. లాస్ట్ మంత్ నీకే ఇచ్చా కదా."

ఇచ్చింది. శ్రీవిద్య కవర్ కూడా తీయలేదు. వరలక్ష్మీ వ్రతానికి వచ్చిన స్నేహితురాలు కనకదుర్గకు పసుపు కుంకుమలతో పాటు ఆ పొట్లం చేతిలో పెట్టేసింది. మన ఆడవాళ్ళ సంగతి తెలిసిందేగా. ఒకరిచ్చిన జాకెట్ ముక్క ఊరంతా తిరిగి, ఇచ్చినావిడ బీరువాలోకే మళ్ళీ వచ్చినా ఎవరూ ఏమీ అనుకోరు. ఇదీ అలాంటిదే అనుకుంది. నిజం చెప్పాలంటే అంత కూడా అనుకోలేదు.

"దుర్గాంటీకి పెట్టేశానే. ఇంకోటి కొనిస్తాలే, బట్టే కదా."

"జస్ట్ బట్ట కాదమ్మా అది. నైజీరియా వాళ్ళల్లో ఫంక్షన్‌కి ఫ్యామిలీ అంతా ఒకే క్లాత్ వేసుకుంటారు. మనం కూడా ఫ్యామిలీ అని ఇచ్చారు."

"మనం వాళ్ళకి ఫ్యామిలీ ఎలా అవుతామే?"

స్మృతి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నైన్త్‌లో నేను క్లాస్‌లో నోరు తెరిచేదాన్నే కాదు. నన్ను స్టేజ్ ఎక్కించింది వాళ్ళు. ఇన్నాళ్ళూ పార్కింగ్‌లో డ్రాప్ చేసి వెళ్ళిపోయావు, ఒక్కసారైనా లోపలికొచ్చావా? పైగా దుర్గాంటీకి ఏం చెప్పావు? పాపం, ఆ ఆఫ్రికా పిల్లలకి మా అమ్మాయి చదువు చెప్తోందని. నేను విన్నా. అక్కడ నేర్చుకుంటోంది నేనమ్మా."

ఇడ్లీ ముట్టకుండానే ఫ్రెండ్ కార్ ఎక్కి వెళ్ళిపోయింది.

శ్రీవిద్య కనకదుర్గకు ఫోన్ చేసింది. "అదా? అట్లాంటా వెళ్ళినప్పుడు మా వదినకి పెట్టేశాను. ఏం?" అందావిడ. పెట్టిన బట్ట తిరిగి అడగబోయినందుకు సిగ్గేసి, ఊరికేనని ఫోన్ పెట్టేసింది శ్రీవిద్య.

మధ్యాహ్నం పట్టుచీర కట్టుకుని ఫంక్షన్‌కి ఒక్కతే వెళ్ళింది. అక్కడి నైజీరియా వాళ్ళ సంఘం పిల్లలకు తమ పాటలు, భాష, బడి పాఠాలు నేర్పే హాలు అది. లోపల ఎటు చూసినా అదే నీలం, నారింజ రంగు బట్ట. శనివారం బడి నడిపే చిన్వే ఎదురొచ్చి చేతులు పట్టుకుని, ఇంగ్లీషులో మెల్లగా అంది.

"పిల్లని కోప్పడకండి. బట్టని బస్‌లో మర్చిపోయిందట. అమ్మ కట్టుకోవాల్సింది తనే పోగొట్టానని పొద్దుట్నుంచీ ఒకటే ఏడుపు."

శ్రీవిద్యకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక తల కొట్టేసినట్టయింది. స్టేజ్ పక్కన నిలబడ్డ స్మృతి ముఖం తిప్పేసుకుంది. తల్లి చేసిన పని చెప్పుకోలేక, తప్పు తన నెత్తిన వేసుకుంది పిల్ల.

అవునండీ, ఈ కాలం పిల్లలింతే అనేస్తే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"స్మృతి పోగొట్టలేదు. నేనే ఇంకొకరికి ఇచ్చేశాను. విప్పి కూడా చూడలేదు."

చిన్వే నవ్వు ఆగిపోయింది. "అందరికీ కొంచెం కొంచెమే తీసుకున్నాం. మీకు మాత్రం ఆరు గజాలు. చీరకి ఎంత కావాలో మీ అమ్మాయిని అడిగి తెచ్చాను."

తిట్టినా బాగుండేది. కన్నీళ్ళు ఆగలేదు శ్రీవిద్యకు. "నేను వెనక కూర్చుంటానండీ," అంది.

"వెనక అతిథులు కూర్చుంటారు. తప్పు చేసినా ఇంటివాళ్ళు ఇంటివాళ్ళతోనే," అని చిన్వే ముందు వరుసకు తీసుకెళ్ళింది. అన్ని నీలం బట్టల మధ్యా తన పట్టుచీర అందరికీ కనబడుతూనే ఉంది. కొంగు కప్పుకుని తల వంచుకుంది.

స్మృతి స్టేజ్ మీద తడబడకుండా మాట్లాడింది. దిగొచ్చి తల్లి పక్కన కూర్చుంది.

"ఎందుకు చెప్పావమ్మా? నేను మేనేజ్ చేశా కదా."

"నా పరువు కాపాడ్డానికి నువ్వు అబద్ధమాడావు. పరువు పోవడమంటే అదేనే తల్లీ."

స్మృతి దగ్గరికి జరిగింది. తల్లి చెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది.