గడప దాటిన చెప్పులు

ఉదయం 9:40. జపాన్‌లోని సకాయ్ పట్నంలో కత్తులకు పదును పెట్టే తత్సుజో మినోబె పరుపు మీద స్పృహ లేకుండా దొరికాడు. వాంతులు, విపరీతమైన ఆయాసం. అంబులెన్స్ తీసుకుపోయింది.

ఇన్‌స్పెక్టర్ షినో కువబర వచ్చేసరికి ఆయన కూతురు ఫుసయె కేకలు వేస్తోంది. ఎదురుగా ఫుసయె మరదలు కొజుయె, చనిపోయిన తమ్ముడి భార్య.

"ఇదే విషం పెట్టింది మేడమ్! టీలో కలిపింది!"

"టీ మీరే ఇచ్చారా?" షినో కొజుయెను అడిగింది.

"అవునండి. దాహం, దాహం అన్నారు. రెండు రోజుల్లో ఏడు సీసాల టీ తాగారు," అంది కొజుయె.

"డాక్టరుకి చూపించారా?"

"నిన్న మా వీధి క్లినిక్‌లో. కడుపులో తేడా అన్నారట."

షినోకు కాలు నిలవడం లేదు. కారణం తెలియకపోతే ఆ ముసలాయన దారిలోనే పోవచ్చు.

పరుపు పక్కన చాప మీద ప్లాస్టిక్ చెప్పులు. టాయిలెట్‌లో మాత్రమే వేసుకుని, ఆ గడప దగ్గరే విడిచి రావాల్సినవి.

"చూడండి దీని శుభ్రం! నాన్నకి ఇలాంటివంటే ఎంత పట్టింపో!" ఫుసయె మండిపడింది.

"చెప్పులు పరుపు వైపు తిరిగి ఉన్నాయి," అంది షినో. " వేసుకొచ్చింది మీ నాన్నగారే. అంత పట్టింపున్న మనిషి మార్చుకోవడం మరిచాడంటే, ఎన్నిసార్లు తిరిగాడో! ఆగని దాహం, ఆగని టాయిలెట్. ఇది షుగర్ లక్షణం."

"నాన్నకి షుగరే లేదు!"

"ఉన్నట్టుండి వచ్చిందంటే ఏదో మందు వల్ల కావచ్చు. కొజుయె గారూ, ఆయన వాడే మందులు రాసే పుస్తకం ఒక్కటేనా, క్లినిక్‌లో చూపించనిది ఇంకోటి ఉందా?"

కొజుయె ముఖం పాలిపోయింది. "ఎవరికీ చెప్పొద్దని మావయ్య ఒట్టు వేయించుకున్నారండి."

"ఆ ఒట్టే ఆయన ప్రాణం తీసేలా ఉంది."

పూజ అర సొరుగులోంచి రెండో పుస్తకం వచ్చింది. ఊపిరితిత్తుల కేన్సర్. ఇమ్యునోథెరపీ డ్రిప్. చివరి డోసు నాలుగు నెలల కిందట.

"క్లినిక్‌లో రిసెప్షన్‌లో కూర్చునే ఆవిడది ఈ వీధే. ఆవిడకి తెలిస్తే వీధిలో అందరూ జాలిపడతారని, కేన్సర్ మందులు లేని పాత పుస్తకమే చూపించేవారు," కొజుయె ఏడ్చేసింది.

10:02. షినో అంబులెన్స్‌కు ఫోన్ చేసింది. "విషం కాకపోవచ్చు. కేన్సర్‌కి ఇమ్యునోథెరపీ తీసుకున్నారు. ఆ మందుతో ఒంట్లోని రక్షణ శక్తే ఇన్సులిన్ తయారీని దెబ్బతీయొచ్చు, ఆపిన నెలలకైనా సరే. వెంటనే షుగర్ చూడండి."

ఫోన్ పెట్టేసి మెల్లగా అంది. "మా అమ్మకీ అదే డ్రిప్. ఈ లక్షణాలు కనిపెట్టి ఉండమన్నారు డాక్టర్లు. రోజూ భయమే."

ఆస్పత్రిలో చూస్తే షుగర్ 910. ఇన్సులిన్ మొదలుపెట్టారు. మధ్యాహ్నం 1:20కి తత్సుజో కళ్లు తెరిచాడని కబురొచ్చింది.

ఫుసయె చెప్పులు తీసుకెళ్లి టాయిలెట్‌లో సర్దింది. తిరిగొచ్చి కొజుయె ముందు కూలబడింది.

"ఇంత బరువూ ఒక్కదానివే మోశావా? నేనేమో నిన్ను..."

ఆస్పత్రికి బయల్దేరుతూ కొజుయె అలవాటుగా రెండో పుస్తకాన్ని ఏప్రన్ కింద దాచింది. ఫుసయె దాన్ని బయటికి లాగి, అందరికీ కనిపించేలా చేత్తో పట్టుకుని వీధిలోకి నడిచింది.