రిస్క్‌కూ డేంజర్‌కూ ఫరకేంది మేడం?

"అన్నిటికీ మా ఆలూర్ల ఒక్కటే మాటున్నది మేడం. పరేషాన్!"

శ్రవణ్ అలా అనగానే క్లాసంతా గొల్లుమంది. బోర్డు మీద డేంజర్, హజార్డ్, థ్రెట్, పెరిల్, జెపర్డీ, రిస్క్ అని రాసి తేడా చెప్పమని అడిగిన జెన్నీ మేడం మాత్రం నవ్వలేదు. చాక్‌పీసు బల్ల మీద పెట్టి చేతులు కట్టుకుంది.

"మొదటి రోజే జోకులా? రేపు కాల్ సెంటర్ల ఫోనెత్తితె అమెరికావోడు 'మై అకౌంట్ ఈజ్ ఇన్ జెపర్డీ' అన్నడనుకో. 'పరేషాన్ గాకు సార్' అంటవా?"

ఈసారి క్లాసు ఇంకా గట్టిగా నవ్వింది. శ్రవణ్‌కి చెవులు వేడెక్కాయి. తనకంటే పెద్దదేం కాదు ఈ పిల్ల, నోరు చూడు!

అది మాదాపూర్‌లో అద్దాల మేడలు ఒకదాని వెనక ఒకటి లేస్తున్న కాలం. చేవెళ్ళలో ఏ కుర్రాణ్ణి కదిపినా కాల్ సెంటర్ మాటే. ఇంగ్లీషొక్కటి వస్తే చాలు, ఇంటి ముందుకు క్యాబ్ వస్తుందట! అందుకే ఎరువుల దుకాణం పైగదిలో జెన్నీ స్పోకెన్ ఇంగ్లీష్ పెట్టింది. కింద యూరియా వాసన, పైన గ్రామర్.

"మాటకు అర్థం పుస్తకంల కాదు, మీ ఇంటి కాడ దొరకాలె," అంది జెన్నీ. "బోరు కాడ కరెంటు వైరు తెగిపడ్డది. ఏంది?"

"డేంజర్!" అంది క్లాసు.

"తొవ్వ పక్కన మూత లేని బాయి?"

"హజార్డ్," అన్నాడు ప్రేమ్‌చంద్. జెన్నీ చిన్నాయన కొడుకు, శ్రవణ్ దోస్తు. "ఇంక ఎవ్వరు పడలే. పడే జాగనైతె ఉన్నది."

"శభాష్. ప్లాట్ల బ్రోకరొచ్చి 'భూమి అమ్మకుంటె నీ సంగతి చూస్త' అన్నడు?"

"థ్రెట్!"

"వాగు నడుమ బస్సాగింది, నీళ్ళు పెరుగుతున్నయ్?"

"పెరిల్!"

జెన్నీ శ్రవణ్ వైపు తిరిగింది. "మీకు క్యారెట్ తోట ఉన్నదా?"

"ఉన్నది మేడం."

"మార్కెట్‌ల ధర పడిపోతదేమో అని తెల్వదా?"

"తెల్సు."

"మరెందుకేస్తరు?"

"ఏస్తెనే గద మేడం, ఏమన్న వచ్చేది!"

అప్పుడు నవ్వింది జెన్నీ. కళ్ళతో సహా నవ్వింది. "అదే రిస్క్. డేంజర్ దానంతటదే వస్తది. రిస్క్‌ను నువ్వు తెల్సి నెత్తికెత్తుకుంటవ్."

ఇంకేముంది! శ్రవణ్ పని అయిపోయింది. ఆ రోజు నుంచి వాన పడనీ, బస్సు తప్పనీ, క్లాసుకు అందరికంటే ముందు వచ్చేది అతనే. మొదటి బెంచీలో కూర్చునేదీ అతనే.

"ఇంటర్వ్యూల ఎట్ల చెప్తవ్? లే," అనేది జెన్నీ.

"గుడ్ మార్నింగ్ టు ఆల్. మై నేమ్ ఈజ్ శ్రవణ్. ఐ యామ్ ఫ్రమ్ ఆలూర్..."

"నన్నెందుకు చూస్తున్నవ్? నేను మేనేజర్‌నా?"

"ప్రాక్టీస్ మేడం. కండ్లల్ల చూసి చెప్పాలని మీరే అన్నరు."

"అంటె? రెప్ప గూడ కొట్టొద్దా!"

ఆమె కసిరేది. కసురుతూనే చున్నీ చెంగుతో నవ్వు తుడుచుకునేది. శ్రవణ్ నిద్రలో కూడా మై నేమ్ ఈజ్ శ్రవణ్ అని కలవరిస్తుంటే వాళ్ళమ్మ సక్కుబాయి, "నీ పేరు మాకు తెల్వదార!" అని విసుక్కునేది.

అంతలో శనివారం ప్రేమ్‌చంద్ పిడుగులాంటి మాట మోసుకొచ్చాడు.

"జెన్నీ అక్కకు జహీరాబాద్ సంబంధమొచ్చింది. రేపు ప్రార్థన అయినంక పెద్దబాపు వాళ్ళకు ఫోన్ల మాటిస్తడట."

పెద్దబాపు అంటే జెన్నీ తండ్రి బాలప్ప. ఆర్టీసీ డ్రైవరు, చర్చి పెద్ద, మీసం చూస్తేనే ప్రయాణికులు కండక్టరు అడక్కముందే చిల్లర తీసేవాళ్ళు. శ్రవణ్‌కి మిగిలింది ఒక్క రోజే. రేపు ప్రార్థన అయిపోతే అంతా అయిపోయినట్టే!

సాయంత్రం క్లాసు విడిచేసరికి కుండపోత వాన. అందరూ దిగిపోయారు. మెట్ల మీద ఇద్దరే మిగిలారు, ఆమె గొడుగు పట్టుకుని, అతను నోటుబుక్కు పట్టుకుని.

"మేడం... జెపర్డీకి, రిస్క్‌కు ఫరకేంది?"

జెన్నీ అతన్ని అదోలా చూసింది. "నువ్వేం చెయ్యకుండ కూసున్నా సరే, నీది నీ చేతుల నుంచి పోయేటట్టున్నది. అది జెపర్డీ. పోవద్దని నువ్వు అడుగేస్తె, అది రిస్క్." గొడుగు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చింది. "ఇంకేమన్న అడగాల్నా?"

అడుగు రా బాబూ, అడుగు! అని లోపల ఎవరో అరుస్తున్నారు. శ్రవణ్ నోరు తెరిచాడు.

"థాంక్యూ మేడం."

జెన్నీ గొడుగును టప్పున తెరిచి, వెనక్కి చూడకుండా వానలోకి దిగిపోయింది. శ్రవణ్ తన నెత్తి తనే కొట్టుకున్నాడు.

తెల్లారి జెన్నీ వాళ్ళ ఊరు కనకమామిడి చర్చిలో, మగవాళ్ళ వైపు ఆఖరి వరసలో తేలాడు. ప్రార్థన అవగానే గుమ్మం దగ్గర జెన్నీని ఆపి చెప్పేయాలని లెక్క. కానీ కొత్తవాళ్ళు లేచి పేరూ ఊరూ వచ్చిన పనీ చెప్పడం అక్కడి మర్యాద. ఆ ముక్క ప్రేమ్‌చంద్ వెధవ చెప్పలేదు.

"వెనక కొత్త తమ్ముడున్నడు. లేచి పరిచయం చేస్కో బాబు," అన్నారు పాస్టరు గారు.

తలలన్నీ తిరిగాయి. ఆడవాళ్ళ వైపు జెన్నీ కళ్ళు చక్రాలయ్యాయి. శ్రవణ్ లేచాడు. పరిచయం అనగానే అలవాటైన నాలుక ఆగుతుందా?

"గుడ్ మార్నింగ్ టు ఆల్! మై నేమ్ ఈజ్ శ్రవణ్. ఐ యామ్ ఫ్రమ్ ఆలూర్. మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్..."

"ఆమెన్," అంది ముందు వరసలో ఒక ముసలమ్మ.

"మంచిది. మరి ఏం పని మీద వచ్చినవ్?" అన్నారు పాస్టరు గారు.

"ఐ వాంట్ టు జాయిన్ యువర్..." అని శ్రవణ్ టక్కున ఆగాడు. యువర్ కంపెనీ అనాలి. ఇక్కడ కంపెనీ ఏది? అబద్ధం ఒక్కటీ తోచలేదు. ఇంగ్లీషంతా ఆవిరైపోయి అసలు మాట ఒక్కటే మిగిలింది.

"జెన్నీ కోసం వచ్చిన."

పాస్టరు గారు బైబిలు మూశారు.

"నాకు ఆమె అంటె పానం. ఇయ్యాల చెప్పకుంటె ఇంకెన్నడు చెప్పలేను. తప్పయితె కొట్టుండ్రి, కానీ నేను చెప్పిన."

బాలప్ప లేచాడు. మీసం అదురుతోంది. "ఏయ్, నువ్వు నా బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడేటోనివి గద?"

"అవును సార్."

"ఈ ముచ్చట మా బిడ్డకు చెప్పినవా?"

"లేదు సార్."

"బిడ్డకు చెప్పకుండ చర్చి మొత్తానికి చెప్తవా!"

ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, చాపల మీద నవ్వు పాకిపోయింది. ఆ నవ్వులోనే జెన్నీ లేచి నిలబడింది. తల్లి విమలమ్మ చెంగు పట్టి లాగినా కూర్చోలేదు.

"బాపూ, జహీరాబాద్ సంబంధానికి నేను ఔ అన్లే, కాదన్లే. ఈయన చెప్తడేమో అని చూసిన. నిన్న గూడ చూసిన. నాకు ఈయనే కావాలె."

శ్రవణ్‌కి ఎగిరి గంతేయాలనిపించింది. చర్చి కాబట్టి ఊరుకున్నాడు.

"బాలప్పా, ముందుగాల ప్రార్థన కానిద్దాం," అన్నారు పాస్టరు గారు.

ప్రార్థన అయింది. బయట బాలప్ప స్కూటరు స్టార్ట్ చేసి, శ్రవణ్‌తో "ఎక్కు," అన్నాడు.

"యాడికి బాపూ?" జెన్నీ పరుగున వచ్చింది.

"ఆలూరుకు."

శ్రవణ్ ఎక్కబోయి ఆగాడు. ఇంట్లో ఒక్క ముక్క తెలీదు! జెన్నీ దగ్గరికొచ్చి, "భయమైతుందా?" అంది మెల్లగా.

"మస్తు."

"నాక్కూడ," అంది. అంటూనే నవ్వింది.

దారి పొడుగునా బాలప్ప ఒక్కసారే మాట్లాడాడు. "మీరు గుడికి పోతరు, మేం చర్చికి పోతం. ఇటు మీవోళ్ళు, అటు మావోళ్ళు నానా మాటలంటరు. తెల్సా?"

"తెల్సు సార్."

"తెల్సే లేచి నిలబడ్డవా?"

"తెల్సే సార్."

బాలప్ప గేరు మార్చాడు.

ఆలూరులో రామచంద్రయ్య, సక్కుబాయి తొట్టి దగ్గర కూర్చుని క్యారెట్లు కడుగుతున్నారు. కొడుకు ఎవరి వెనకో స్కూటరు దిగడం చూసి కంగారుగా లేచారు.

"నేను కనకమామిడి బాలప్పను," అన్నాడు బాలప్ప. "మీ పిలగాడు ఇయ్యాల చర్చిల అందరి ముందట మా బిడ్డను అడిగిండు. మీరు గూడ వచ్చి అడిగితె మర్యాదుంటది."

సక్కుబాయి కొడుకు వైపు తిరిగింది. "నిజమేనార?"

"నిజమే అవ్వా. ఆ పిల్ల లేకుంటె నాతోని కాదు."

రామచంద్రయ్య కొడుకును ఎగాదిగా చూశాడు. బాలప్పను చూశాడు. బురద చేతులు తొట్టిలో ముంచి, ధోవతికి తుడుచుకున్నాడు.

"అన్నా, జర కూసో," అన్నాడు. "అంగి మార్చుకోని వస్తం."

సక్కుబాయి అప్పటికే లోపల పెట్టె మూత తెరిచి, మంచి చీర వెతుకుతోంది.