యారాడ కొండ వానపువ్వు

ఎర్రజెండా ఊపుతూ ఎల్లారావు అరిచాడు. "దిగు, దిగు! రాతిలో మందు కూరీసినాం, పేలిపోద్ది!"

రాతిచట్టు మీది పిల్ల దిగలేదు. నెరియలోంచి తెల్లపువ్వొకటి తెంపి కొంగున ముడేసి, తీరిగ్గా కొప్పు సర్దుకుంది.

"మా కొండెక్కి మమ్మల్నే దిగమంతన్నావేటి?"

"నాను డ్యూటీ సేత్తన్నాను."

"జాలరిపేటోడివి, వేట మానీసి కొండలు పేల్సడం డ్యూటీయా? ఆపీసరు బాబూ, దండాలు!"

ఆమె కొండ కింది యారాడలో నావ ఉన్న జాలరి గవర్రాజు కూతురు నూకాలు. ఆ పువ్వు తొలివానకి ఆ ఒక్క చట్టు మీదే పూస్తుంది. వేట మొదలయ్యే రోజు ఇంటి ఆడపిల్ల ఒకే ఒక్కటి కోసి నావ ముక్కుకి కడుతుంది. పువ్వు కట్టిన నావ తిరిగొస్తుందని వాళ్ల నమ్మకం.

అది పంతొమ్మిదివందల డెబ్బైనాలుగు. విశాఖ రేవుకి అలలు ఆపడానికి సముద్రంలో కొత్త గోడ కడుతున్నారు. దానికి రాయి కావాలి. కొండ రోజూ కొంత తరుగుతోంది.

ఆ వానాకాలమంతా ఇద్దరూ పోట్లాడుకోడానికే కలిశారు. అతని విజిల్ వినబడితే ఆమె ముఖానికి గొడుగు అడ్డం పెట్టుకుని నవ్వేది.

ఓ సాయంత్రం అతను తడిసి ఆమె గుమ్మంలో నిలబడ్డాడు. తువ్వాల్లో ఆ తెల్లపువ్వు దుంపలు.

"రేపు సట్టు లేపెత్తారు. మేస్త్రీ కాళ్లు పట్టుకున్నాను, వినలేదు. దొరికినన్ని తవ్వీసినాను. బతికించు."

"బతికిత్తే ఏటిత్తావ్?"

"అడుగు."

ఆమె అడగలేదు. తువ్వాలు అందుకుని, దుంపల్ని చూరునీళ్ల కింద పట్టి కడిగింది.

వాటిని పెరట్లో పాతింది. కొబ్బరికి వేసినట్టే చేపల ఎరువు దండిగా వేసింది. రాతిలో పస్తులుండి బతికిన దుంపలు ఆ తిండికి కుళ్లిపోయాయి. చెప్పలేక అతనికి ముఖం చాటేసింది. కొండ పేల్చినందుకే అలిగిందనుకున్నాడు అతను.

మరుసటేడు తొలివాన పడింది. చట్టు ఉన్నచోట ఆకాశం ఉంది.

ఎల్లారావు క్వారీ మానేసి, వేటకొస్తానని గవర్రాజు నావ దగ్గరికొచ్చాడు. ముసలాయన కూతురి కేసి చూశాడు, అతని కేసి చూశాడు. తెడ్డు చేతికిచ్చి, "ఎక్కు అల్లుడూ," అన్నాడు.

నావ ముక్కు బోడిగా ఉంది. నూకాలు తలెత్తలేదు.

"దుంపల్ని నానే సంపీసినాను. బలానికని ఎరువేసినాను."

"పేల్సినోణ్ని నాను. నువ్వేడుత్తావేటి?"

"కట్టడానికి పువ్వు నేదు, బావా."

బావా అని ఆమె పిలవడం అదే మొదలు. అతను తెడ్డు గట్టిగా పట్టుకున్నాడు.

"మరేటి సేద్దాం?"

"నువ్వు తిరిగొచ్చీయ్. వచ్చీదాకా నానిక్కడే నిలబడతాను."

నావ అల ఎక్కింది. వాన ముసురుకుంది. ఒడ్డున నూకాలు చేతిలో గొడుగుంది. ఆమె దాన్ని విప్పలేదు. విప్పితే అతనికి ఆమె ముఖం కనబడదు.