సీటు మడతలో రంగు

విడపనకల్లు దాటాక, రోడ్డుకు ఎడమ పక్కన, రాజేంద్ర సెనక్కాయల మిల్లు ఉంది. వానల్లేక వేరుశనగ పంట పోయి, అది మూతపడి చాలా ఏళ్ళయింది. చీకటి పడితే దాని ముందర ఎవరూ బండి ఆపరు. టైరు పంచరైనా సరే, రిమ్ము మీదే ఈడ్చుకుంటూ పోతారు.

ఎందుకంటే, రాత్రిపూట ఆ మిల్లు లోపల కారు హారన్ మోగుతుందట. రెండు పొట్టిగా, ఒకటి పొడుగ్గా... ఇంటికొచ్చిన మనిషి తలుపు తీయమన్నట్టు. కణేకల్ నుంచి వడ్లు తెచ్చే లారీవాళ్ళు విన్నారు. విన్నవాళ్ళెవరూ ఆగి చూడలేదు.

లోపలికి పోయి, ఆ కారులోనే రాత్రి గడిపినవాడు ఒక్కడే — వీరేష్. గుంతకల్లులో పాత కార్ల తోలు సీట్లను మళ్ళీ కొత్తవాటిలా చేస్తాడు. ఈ పని నాకు నేర్పింది అతనే. కుడిచేతి మీద ఆ పొడుగాటి మచ్చ ఏమిటని నేను పదేపదే అడిగితే, ఒక రోజు చెప్పాడు. విన్నది విన్నట్టు రాస్తున్నాను.

వీరేష్ అక్క మల్లీశ్వరి. తనకల్లులో కాపురం. ఆమె భర్త తిప్పేష్, ఆ మిల్లు ఓనరు రాజేంద్ర దగ్గర డ్రైవరు. కదిరి వైపు సెనక్కాయల బేరానికి వచ్చినప్పుడల్లా కారు ఇంటి సందులోకి తిప్పేవాడు. హారన్ రెండు పొట్టిగా, ఒకటి పొడుగ్గా కొట్టేవాడు. ఎడమ చెయ్యి తలుపు మీద ఆనించి చెప్పులు విడిచేవాడు. ఆ చేతికి చిటికెన వేలు లేదు. మిల్లు మిషన్లో పోయింది.

ఒక వేసవిలో తిప్పేష్ కనబడకుండా పోయాడు. ఎవరో ఆడమనిషితో బళ్ళారికి లేచిపోయాడని రాజేంద్రే అందరికీ చెప్పాడు.

"బతికింటే తిడతా. సచ్చింటే ఏడుస్తా. ఏదో ఒకటి తెలిస్తే చాలురా వీరేషా," అనేది మల్లీశ్వరి. పొద్దున లేచి, బొట్టు పెట్టుకోవాలో వద్దో తెలియక అద్దం ముందరే నిలబడిపోయేది.

అందుకే, లారీవాళ్ళు టీ తాగుతూ ఆ హారన్ సంగతి చెప్పినప్పుడు వీరేష్ గ్లాసు కింద పెట్టేశాడు. సరిగ్గా ఆ వారంలోనే రాజేంద్ర నుంచి కబురొచ్చింది. మిల్లులో ఉన్న కారును అమ్మాలి, సీట్లు బాగు చెయ్యమని. మిల్లుకు వచ్చిన వీరేష్ ఎవరి బామ్మర్దో రాజేంద్రకు తెలియదు.

"బండి బయటికి తీసేది లేదప్పా. బ్యాటరీ కూడా లేదు దాంట్లో. ఈడనే చెయ్. తెల్లారితే కొనేటోళ్ళు వస్తారు."

"రాత్రి చేస్తాలేన్నా. పగలు ఈ రేకుల కింద రంగు పూసేలోపే ఆరిపోతాది."

"ఒక్కనివే ఉంటావా? భయం లేదా?"

"ఎవురున్నారన్నా ఈడ, భయపడేకి?"

రాజేంద్ర తాళం తీసిచ్చి వెళ్ళిపోయాడు.

మిల్లు రేకులు గాలికి లేచిపోయి, ఎండ నేరుగా కారు మీద పడేది. సీట్లు వెలిసి, ఎండిన చెరువు అడుగు మట్టిలా నెర్రెలిచ్చాయి. వీరేష్ సబ్బు నురగతో రుద్దాడు. స్పిరిట్‌తో తుడిచాడు. పగుళ్ళు పేస్టుతో పూడ్చి, ఎమరీ పేపరుతో నున్నగా అరగదీశాడు. ఇక మిగిలింది రంగు.

వెలిసిన సీటుకు అసలు రంగేదో తెలియాలంటే ఎండ తగలని చోటు చూడాలి. వీపు ఆనేదానికీ కూర్చునేదానికీ నడుమ మడత ఉంటుంది కదా — దాన్ని విప్పితే, కొన్ననాటి రంగు దొరుకుతుంది. అన్ని సీట్లూ విప్పి చూడాలి. నాకు అతను నేర్పిన మొదటి పాఠం ఇదే.

ఆ రాత్రి అతను ఒక్క సీటే చూశాడు. బావ కూర్చున్న సీటు.

చార్జింగ్ లైటు వెలుగులో మడత విప్పాడు. ముదురు ఎరుపు... ఇటుకకూ బెల్లానికీ నడుమ రంగు. ఎరుపు ఆరు పాళ్ళు, నలుపు ఒక పాలు కలిపి, గుడ్డ మీద అద్ది చూశాడు. సరిగ్గా కుదిరింది. స్పాంజితో అన్ని సీట్లకూ పూశాడు.

మిగతావి ఆరాయి. డ్రైవరు సీటు ఆరలేదు.

మళ్ళీ తుడిచి, మళ్ళీ పూశాడు. తడిగానే ఉంది. లైటు దగ్గరికి పెట్టి చూస్తున్నాడు... ఆ సీటు మెత్త నెమ్మదిగా కిందికి దిగింది. వీపు ఆనేచోట తోలు లోపలికి నొక్కుకుంది. మనిషి వచ్చి కూర్చున్నట్టు.

"బావా..." అన్నాడు వీరేష్.

అప్పుడే మిల్లు తలుపు కిర్రుమంది. టార్చి వెలుగు. రాజేంద్ర.

కారు తలుపు తీసి లోపలికి టార్చి కొట్టాడు. కొట్టి — అలాగే నిలబడిపోయాడు.

"ఈ రంగు... ఎవురు చెప్పినార్రా నీకు?"

"సీటే చెప్పిందన్నా. మడతలో ఇదే ఉండాది."

"నా సీట్లు గంధం రంగురా..."

వీరేష్ పక్క సీటు మడత విప్పాడు. గంధం రంగు. వెనక సీటు మడత. గంధం రంగు.

అతను తన చేతుల వంక చూసుకున్నాడు. మోచేతుల దాకా ఎరుపు.

"కడిగినా కదరా..." రాజేంద్ర గొణుగుతున్నాడు. "బిందెలు బిందెలు పోసి కడిగినా..."

"మడతలో కడగలేదన్నా."

"నువ్వెవురురా?"

"మల్లీశ్వరి తమ్ముణ్ణి."

రాజేంద్ర గోడ దగ్గరికి ఒక్క అంగ వేశాడు. అక్కడ ఆనించి ఉన్న వేటకొడవలి అతని చేతికొచ్చింది. మొదటి వేటు వీరేష్ కుడిచేతి మీద పడింది. ఎముక తగిలిన చప్పుడు తనకే వినబడిందట. రెండో వేటు తల మీదికి వచ్చింది. వంగాడు. కారు తలుపు అద్దం పగిలి మీద పడింది. వెనక సీటులోకి దొర్లాడు.

"ఆ గొర్రెలు కాసేటోణ్ణి బండితో గుద్ది సంపింది నేనే రా!" రాజేంద్ర అరుస్తూ డ్రైవరు సీటులోకి మోకాళ్ళ మీద ఎక్కాడు. అక్కడి నుంచి వెనక్కి వేటు వేయాలని. "బండి నువ్వు నడిపినావని చెప్పురా అని మీ బావనడిగితే, చెప్పనన్యాడు! నా కూడు తిని, స్టేషన్లో నిజం చెప్తానన్యాడు! నువ్వుండేచోటే కూచోని కోసినా వాని గొంతు—"

కొడవలి పైకి లేచింది.

హారన్ మోగింది.

రెండు పొట్టిగా... ఒకటి పొడుగ్గా.

బ్యాటరీ లేని బండి.

కొడవలి పట్టిన చెయ్యి గాలిలోనే ఆగింది. "తిప్పేషా..." అన్నాడు రాజేంద్ర. మొహం తెల్లబోయింది. అంతలో ఎవరో భుజాలు పట్టి తిప్పినట్టు గిర్రున ముందుకు తిరిగి, సీటులో కూలబడ్డాడు. సీటు బెల్టు సర్రుమని సాగింది. మెడ చుట్టూ పడింది. ఒక్క లాగు.

కాళ్ళు ముందరి అద్దాన్ని తన్నాయి. అద్దం బీటలు వారింది. మళ్ళీ తన్నాయి. పగిలింది. వేళ్ళు బెల్టు కింద దూర్చి పీక్కుంటూ గోళ్ళతో తన మెడ తనే చీరుకున్నాడు. వెనక నుంచి వీరేష్‌కు పైనున్న చిన్న అద్దంలో అతని కళ్ళు కనబడుతున్నాయి... పెద్దవై... ఇంకా పెద్దవై...

హారన్ ఆగింది. కాళ్ళూ ఆగాయి.

వీరేష్ రోడ్డు మీదికి ఎలా వచ్చాడో అతనికి గుర్తులేదు. ఆ రాత్రి మొదటిసారి, ఒక లారీ ఆ మిల్లు ముందర ఆగింది.

తెల్లారి పోలీసులు మిల్లు వెనక సెనక్కాయల పొట్టు పోసే గుంత తవ్వారు. ఎముకలు దొరికాయి. ఎడమ చేతికి చిటికెన వేలు లేదు. రాజేంద్ర సంగతి మాత్రం తేలిగ్గా తేల్చేశారు. పెనుగులాటలో మనిషి జారాడు, బెల్టు మెడకు చుట్టుకుంది, బిగుసుకుంది. అంతే. కావచ్చు. సీటు బెల్టు గట్టిగా లాగితే బిగుసుకునే మాట నిజమే. నేనూ లాగి చూశాను.

వీరేష్ చేతికి కుట్లు వేయించుకుని, ఎముకలు దొరికిన మరుసటి రోజు మధ్యాహ్నం తనకల్లు చేరాడు. అక్కకు ఎలా చెప్పాలా అని బస్సులో దారి పొడుగునా మాటలు కూడబలుక్కున్నాడు.

మల్లీశ్వరి గుమ్మంలోనే కూర్చుని ఉంది. నుదుట బొట్టు లేదు. చేతులకు గాజులు లేవు.

"అక్కా... ఎవురు చెప్పినారు?"

"మొన్న రాత్రి హారన్ కొట్టినాడురా. లేచి తలుపు తీస్తే... సందులో ఎవురూ లేరు."

ఆమె తల తిప్పి తలుపు వైపు చూసింది.

తలుపు చెక్క మీద ఎర్రటి అరచెయ్యి అచ్చు. ఎడమ చెయ్యి. చిటికెన వేలు ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఇటుకకూ బెల్లానికీ నడుమ రంగు.

తలుపు మీద ఎండ నిప్పులా పడుతోంది. ఆ ఎండకు మా రంగు పూసేలోపే ఆరిపోవాలి.

వీరేష్ వేలితో తాకాడు.

వేలికి అంటుకుంది.