చొక్కా దులిపే చప్పుడు

దయ్యాలంటే అందరూ రాత్రికి భయపడతారు గానీ, మా పక్క పెద్దోళ్లకు మిట్టమధ్యాన్నమంటేనే హడలు. చెంగమ్మకు అట్లాంటి భయాలేవీ లేవు. నాయుడుపేట అవతల సిమెంటు రేకుల కంపెనీకి కూతవేటు దూరంలో ఆమె ఇల్లు. ఆ ఆదివారం కంపెనీకి సెలవు. కరెంటు పోయింది. బయట ఎండ నిప్పులు చెరుగుతా ఉండాది. చెంగమ్మ పొయ్యి ముందర కూర్చుని సంగటి కెలుకుతా ఉండాది. నడింట్లో కోడలు స్రవంతి చంటిబిడ్డను చీర ఉయ్యాల్లో వేసి, పక్కనే చాప మీద ఒరిగి కునుకు తీస్తా ఉండాది. కొడుకు మునిప్రసాద్ డ్యూటీకి సూళ్లూరుపేట పక్కకు పోయినాడు.

చెంగమ్మ మొగుడు దామోదరం చనిపోయి ఏడాది దాటింది. ఆ కంపెనీలోనే ఆయన బతుకంతా గడిచింది. గోతాలు కోసి, అందులోని నారపొడిని సిమెంటులో కలిపే పని. దాన్ని ఆస్బెస్టాస్ అంటారని కూడా ఆయనకు తెలీదు, ఉత్త తెల్లపొడి అనేవాడు. సాయంత్రం గడప దగ్గరే చొక్కా విప్పి పెండ్లాం చేతికిచ్చేవాడు. చెంగమ్మ దాన్ని ఠప్ ఠప్‌మని దులిపేది. పొడి లేచి ఆమె మొహమంతా తెల్లగా అయిపోతే, "ఏమే, పిండిమరలో దూరినావా?" అని ఎగతాళి చేసేవాడు. ఇద్దరూ పడీపడీ నవ్వుకునేవాళ్లు. ఇప్పుడా నవ్వులు గుర్తొస్తే చెంగమ్మకు కడుపు రగిలిపోతుంది.

రగలదా మరి? తిరుపతిలో డాక్టరమ్మ అంతా విడమరిచి చెప్పింది. ఊపిరితిత్తుల పైపొరకు వచ్చే క్యాన్సరంట, మెసోథెలియోమా అంటారంట. ఆ పొడి లోపలికి పోయి ఏండ్లకేండ్లు కిక్కురుమనకుండా ఉండి, ఆనక మనిషిని తింటాదంట. "బట్టలు దులిపిన ఆడవాళ్లకూ రావచ్చమ్మా. ఇంట్లో ఎక్కడన్నా ఆ పొడి కనిపిస్తే దులపొద్దు, ఊడ్చొద్దు. నీళ్లతో తడిపి తుడవండి. బిడ్డను మాత్రం దగ్గరికి రానీయొద్దు" అని హెచ్చరించింది. కంపెనీ మేనేజరు దొరస్వామి మాత్రం, "బీడీలు తాగి పోయినాడులేమ్మా" అనేసినాడు. జన్మలో బీడీ ముట్టని మనిషబ్బా ఆయన! "నీ నోట్లో మన్ను పొయ్య!" అని అందరి ముందరా తిట్టి వచ్చేసింది చెంగమ్మ. అప్పటినుంచి ఆమెకు ఒకటే పట్టు. ఆ పొడి మనవరాలిని తాకకూడదు. అంతే.

సంగటి దించుతా ఉంటే బయట కాకుల అరుపు టక్కున ఆగిపోయింది.

వాసన వచ్చింది. తడిసిన గోతాం వాసన, పచ్చి సిమెంటు వాసన.

ఠప్...

పక్కింటోళ్లేమో అనుకునింది.

ఠప్... ఠప్...

కాదు. తన గడప దగ్గరే. చెంగమ్మ చేతిలో తెడ్డు అట్లే ఆగిపోయింది. నడింట్లోకి తొంగి చూసింది. స్రవంతి లేచి నిలబడి ఉండాది. కండ్లు మూసే ఉండాయి. చెయ్యి ముందుకు చాచి, అడుగులో అడుగేసుకుంటా తలుపు పక్కకు పోతా ఉండాది.

"అత్తా..." గొణిగింది. "మామ పిలస్తా ఉండాడు..."

తలుపు జానెడు తెరుచుకుని ఉండాది. ఆ సందులో ఖాకీ చొక్కా. మనిషి ఎత్తున వేలాడతా ఉండాది... పైన మొహం లేదు. దాన్ని పట్టుకున్న చెయ్యి మాత్రం ఉండాది. సున్నం పూసినట్టు తెల్లని చెయ్యి.

"తీసుకోమ్మా... దులిపియ్యి..."

దగ్గుకు మధ్యలో చిక్కుకున్న గొంతు. అది ఆయన గొంతే.

ఠప్...

ఎండ చారలో పొడి లేచింది. సన్నగా, మెల్లగా... గాలి లేకపోయినా లోపలికి వస్తా ఉండాది. నేరుగా ఉయ్యాల పక్కకు...

బిడ్డ దగ్గింది.

అంతే! చెంగమ్మ భయం యాడ పోయిందో పోయింది. ఒక్క ఉదుటున వచ్చి కోడలి రెక్క పట్టి లాగింది. "బిడ్డనెత్తుకుని పెరట్లోకి పోమ్మే! వెనక్కి చూడొద్దు!" అని గట్టిగా కసిరింది. స్రవంతి ఉలిక్కిపడి కండ్లు తెరిచి, బిడ్డను గుండెకు హత్తుకుని పరిగెత్తింది. చెంగమ్మ కొంగు బిగించి, నిండు బిందె ఎత్తి, ఆ చొక్కా మీద, ఆ చేతి మీద, గడప మీద దబ్బున కుమ్మరించింది.

పొడి అణిగిపోయింది. చొక్కా బరువుగా కిందికి జారింది. చెయ్యి మాత్రం కదల్లేదు.

"ఏమయ్యా!" రొప్పుతా అడిగింది చెంగమ్మ. ఈ మధ్య ఆమెకూ కుడి పక్క గాలి అందడం లేదు. కొడుక్కి చెప్పలేదు. "నీ తప్పు కాదు, నాకు తెలుసు. నీకెవురూ చెప్పలా, నాకూ చెప్పలా. దులిపి దులిపి నా రొమ్ములో నేను నింపుకున్నాను, చాలు! ఈ గడప దాటినావంటే మాత్రం... నువ్వని కూడా చూడను."

ఆనక గుసగుస...

"యాడికి... పొయ్యేది..."

చచ్చినా ఆ మనిషికి ఇంటికి రావడం తప్ప ఇంకోటి తెలీదు.

"యాడికా? ఆ పొడి యాడినుంచి తెచ్చినావో ఆడికే పో! ఆ దొరస్వామి ముందర నిలబడి దులుపు! ఒక్కనివే పోవద్దు. నీతో గోతాలు కోసి సచ్చినోళ్లనందర్నీ లేపుకొని పో!"

చెయ్యి వెనక్కి పోయింది.

ఎదురింట్లో, మునిచంద్ర గడప దగ్గర... ఠప్. మునిచంద్ర పోయినేడే పోయినాడు, ఇదే రోగంతో. ఆ పక్కింట్లో... ఠప్. వీధి కొస దాకా ఒక్కో ఇంట్లో ఒక్కో దగ్గు లేచింది. ఆ దగ్గులన్నీ కలిసి రోడ్డెక్కి, కంపెనీ పక్కకు పోయి, సద్దుమణిగినాయి.

చెంగమ్మ బయటికి వచ్చింది. గడప తడిగా ఉండాది. చొక్కా లేదు. కాగిపోతున్న తారురోడ్డు మీద తెల్లటి బూటు గుర్తులు, ఇంటింటి నుంచీ బయల్దేరి కంపెనీ దారి పట్టి ఉండాయి.

వాటన్నిటికీ ముందర ఒక జత ఉత్త పాదాలు. ఆడమనిషివి. రెండో వేళ్ల దగ్గర మెట్టెల గుర్తులు. తన గడప దగ్గరే మొదలైనాయి.

ఈ ఇంట్లో మెట్టెలుండేది స్రవంతి కాళ్లకే. తనవి ఏడాది కిందటే తీసేసినారు. "అమ్మా తల్లీ, ఆ పిల్లవి కాకూడదు" అనుకుంటా తన పాదం తీసి ఆ గుర్తులో పెట్టింది.

అతికినట్టు సరిపోయింది. మడమ పగులుతో సహా.

"హమ్మయ్య... నావే. ఇంక పొయ్యేది నేనే, ఆ పిల్ల కాదు" అనింది చెంగమ్మ.

ఆ గుర్తుల వెంబడే నడిచింది. కంపెనీ గేటుకు తాళం వేసి ఉండాది. బూటు గుర్తులన్నీ గేటు ముందర వరసగా ఆగిపోయినాయి. ఆ ఉత్త పాదాలు మాత్రం ఆగలేదు. మూసిన గేటు కిందుగా లోపలికి పోయి, మెట్లెక్కి, దొరస్వామి గది తలుపు దాటినాయి. కమ్మీల సందులో చెంగమ్మ ఎంత వెతికినా, తిరిగి వచ్చిన అడుగు ఒక్కటి కనబళ్లేదు.