తెల్లకణం అబద్ధమాడదు

ఆబిడ్స్‌లో ఒక పాత బిల్డింగ్. పైకి రక్తపరీక్షల బోర్డు, లోపల ప్రభుత్వ రహస్య ల్యాబ్. దాని లిఫ్ట్‌లో డాక్టర్ శ్యామ్‌సుందర్ శవమై దొరికాడు. మెడ చుట్టూ సన్నటి తీగ. కుడిచేతిలో ఒక ఖాళీ సిరంజి.

మర్నాడు పొద్దున్నే లక్డీకాపూల్ ఆఫీసులో ఏజెంట్ దుర్గేష్‌ని పిలిపించాడు చీఫ్ కోదండరామయ్య. చచ్చినవాడు దుర్గేష్‌కి సొంత అక్క మొగుడు. అయినా చీఫ్ నోట ఒక్క ఓదార్పు మాట రాలేదు. ఆ మనిషి తత్వమే అంత. సొంత పెళ్ళిలో కూడా నవ్వలేదంటారు.

"సిరంజిలో బకాసుర ఉండేది," అన్నాడు చీఫ్. "ఏ యాంటీబయాటిక్‌కీ చావని బ్యాక్టీరియా. దానికా కోడ్‌నేమ్ పెట్టింది మీ బావే. దాన్ని చంపే ఒకే ఒక్క మందు కనిపెట్టిందీ ఆయనే. నిన్న రాత్రి ల్యాబ్ నుంచి బకాసుర ట్యూబ్ పోయింది."

"ఎవరు సార్?"

"వోల్కర్ గ్యాంగ్. ఈ మధ్యాహ్నం బొంబాయి రైల్లో వోల్కర్ దాన్ని పట్టుకుపోతాడు. నాంపల్లి స్టేషన్‌లో హ్యాండోవర్. వాడి మొహం ఎవరికీ తెలీదు. ట్యూబ్ తెచ్చి ఇచ్చే హంతకుడి మొహమూ తెలీదు. ఆ ట్యూబ్ సముద్రం దాటితే ఏదో ఒకరోజు మన ఊళ్ళ మీదికే వస్తుంది. శవాలు మొయ్యడానికి మనుషులు చాలరు."

దుర్గేష్ పళ్ళు బిగించాడు. "క్లూ?"

"మీ బావ పోతూ పోతూ ఆ సూదితో వాణ్ణి పొడిచాడు. మొన మీద వేరేవాళ్ళ నెత్తురుంది. ఎవరిదో తేలాలంటే రెండు రోజులు పడుతుంది. కానీ బకాసుర ఇప్పుడు వాడి ఒంట్లో ఉంది. దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకుని తిరుగుతున్నాడు."

"అయితే జ్వరం ఉన్నవాణ్ణి పట్టుకుంటే చాలు," అంది పక్కన కూర్చున్న హైందవి.

హైందవి దుర్గేష్ పార్ట్‌నర్. రెండేళ్ళు దుబాయ్‌లో వోల్కర్ గ్యాంగ్‌లో చేరి మనకు సమాచారం పంపిన డబుల్ ఏజెంట్. వోల్కర్ మొహం మాత్రం తనకీ చూపించలేదని చెప్పేది. ఇక అందమంటారా, ఆవిడ కారిడార్‌లో నడిచొస్తుంటే చేతిలో ఫైళ్ళు జారవిడిచిన ఆఫీసర్లు ఉన్నారు.

"వానాకాలం తల్లీ," అంది డాక్టర్ పద్మ. శ్యామ్‌సుందర్‌తో కలిసి పనిచేసిన పాతబస్తీ మనిషి. "పట్నంల సగం మందికి జరాలే. ఎవల్ని పడ్తవ్?" అంటూ టిఫిన్ డబ్బాంత మెషిన్ ఒకటి టేబుల్ మీద పెట్టింది. "గిది చెప్తది. ఒక్క చుక్క నెత్తురు చాలు. మామూలు మనిషి తెల్లకణాలు గీ సన్నటి గొట్టంల ఊకె కూసుంటయ్. వైరల్ జరంల గూడ అంతే. గీ బ్యాక్టీరియా నెత్తుట్ల జొచ్చిందా, ఎవలు పిలువకున్నా ఉరుకుతయ్."

"వాడు దొరికితే సిగ్నల్?" అన్నాడు దుర్గేష్.

"ఛాయ్‌ల చక్కెర ఎక్కువైందంట."

"ట్యూబ్ ముందు, నీ పగ తర్వాత. అర్థమైందా దుర్గేష్?" అన్నాడు చీఫ్.

"అయింది సార్."

అయిందా, నా మొహం! దొరికితే అక్కడికక్కడే పీక పిసకాలని ఉంది అతనికి.

నాంపల్లి స్టేషన్ గేటు దగ్గర 'ఉచిత జ్వర శిబిరం' అని బ్యానర్ కట్టారు. మెషిన్ దగ్గర పద్మ. హైందవి నర్సు. దుర్గేష్ ఎర్రచొక్కా కూలీ. జనం ఫ్రీ అనే మాట చూసి మూగారు, సూది చూసి వెనక్కి జరిగారు. రైలెక్కే టైము దగ్గరపడుతోంది. ఒక్క వేలూ ముందుకి రాదు.

"బోణీ గాకుండ ఎవలొస్తరమ్మా?" అన్నాడు గేటు పక్కన తాళాలూ గొలుసులూ అమ్మే మొగులయ్య. "ముందుగాల మీరు పొడిపిచ్చుకోన్రి. గా నర్సమ్మది మంచి చెయ్యి లెక్కుంది. ఆమెతోని బోణీ చెయ్యిన్రి."

"ఔ, ఔ!" అన్నారు జనం.

హైందవి తటపటాయించింది. అది ఒక్క క్షణమే. తర్వాత నవ్వుతూ వేలు చాపింది. ఒంట్లో జ్వరం బయటపడకుండా పొద్దుటి నుంచి మాత్రలు మింగుతూనే ఉంది. ఇంక ఈ డబ్బా ఏం పడుతుందిలే అనుకుంది. జ్వరం మాత్ర ఒళ్ళు చల్లబరుస్తుంది గానీ తెల్లకణాల పరుగు ఆపదని ఆవిడకు తెలీదు పాపం.

బోణీ చూసిన జనం బిలబిలమంటూ లైను కట్టారు. పద్మ స్క్రీన్ వైపు చూసింది. చెయ్యి ఆగిపోయింది. చక్కెర మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ కోడ్ హైందవికీ తెలుసు కదా!

"మెషిన్ నక్రాలు చేస్తున్నది. ఓ కూలీ, జర గీ డబ్బా పట్టుకో," అంది దుర్గేష్‌తో.

దుర్గేష్ వంగి చూశాడు. గొట్టంలో తెల్లకణాలు ఎగ్జిబిషన్‌లో తప్పిపోయిన పిల్లల్లా అటూ ఇటూ పరిగెడుతున్నాయి. పిలిచినవాళ్ళెవరూ లేరు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆయన పట్టలేనిదాన్ని ఒక్క నెత్తుటి చుక్క పట్టేసింది.

మొన్న పండక్కి ఇదే హైందవి అక్క చేతి పులిహోర తిని పొగిడింది. బావ పక్కనే కూర్చుని తింది. దుర్గేష్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు, తుడుచుకుంటే ఆవిడ చూస్తుంది. ఇప్పుడే పట్టుకుంటే ట్యూబ్ ఎక్కడుందో చెప్పదు, వోల్కర్ జారిపోతాడు.

"మెషిన్ నేను చూస్తా. నువ్వు ప్లాట్‌ఫారం మీద కన్నేసి ఉంచు," అన్నాడు మామూలుగా.

ఆవిడకు కావలసిందీ అదే. గబగబా నడిచింది. నెత్తిన ఎవరిదో సూట్‌కేసు పెట్టుకుని దుర్గేష్ వెనకాలే నడిచాడు.

బొంబాయి రైలు కూతేసింది. ఏసీ బోగీ తలుపు దగ్గర నల్లకోటు టీటీ ఒకడు నిలబడ్డాడు. హైందవి హ్యాండ్‌బ్యాగ్‌లోంచి లిప్‌స్టిక్ తీసింది. టీటీ చెయ్యి చాపాడు.

"ఆగు హైందవీ!"

ఆవిడ గిర్రున తిరిగింది. హ్యాండ్‌బ్యాగ్ చాటు నుంచి పిస్టల్ దుర్గేష్ డొక్కకి ఆనింది. "కదిలావో కాల్చేస్తా. ఎప్పుడు తెలిసింది?"

"ఇందాకే. బకాసుర నీ నెత్తుట్లో ఉంది. మా బావ పొడిచిన పోటు అది."

"పొడిస్తే పొడిచాడు. ఈ పనిలో దిగేముందే నాకు టీకా వేశారు. ఈ కాస్త జ్వరం అదే పోతుంది. నీ బెదిరింపులు నా దగ్గర కాదు."

"టీకా ఎవరేశారు? ఈయనేనా?"

ఆవిడ సమాధానం చెప్పక్కర్లేకపోయింది. టీటీ వేషంలో ఉన్న వోల్కర్ చాపిన చెయ్యి లాక్కున్నాడు. ఒక అడుగు వెనక్కేశాడు. జేబురుమాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు.

"నిన్ను పొడిచాడా? నాకెందుకు చెప్పలేదు?" అని వచ్చీరాని తెలుగులో అరిచాడు. "నువ్వు ఎక్కొద్దు! ట్యూబ్ లోపలికి విసురు!"

"మరి టీకా?" అంది హైందవి.

రైలు కదిలింది. వాడు ఒక చేత్తో తలుపు మూసుకుంటూ రెండో చేత్తో విసరమని సైగ చేస్తున్నాడు. హైందవి మొహంలో నెత్తురు చుక్క లేదు. రైలు వెంట నాలుగడుగులు నడిచింది. లోపల ట్యూబ్ దాచిన లిప్‌స్టిక్ ఉన్న చెయ్యి పైకి లేచింది. విసిరితే లోపల పడుతుంది, నేలకి కొడితే ప్లాట్‌ఫారం నిండా జనం.

"ఇటివ్వు," అన్నాడు దుర్గేష్ వెంట నడుస్తూ. "మందు పద్మ గారి దగ్గరుంది. బతుకుతావు."

"మీ బావని చంపినదాన్ని. నువ్వు నన్ను బతికిస్తావా?"

"నిన్ను ఈ పట్టాల కింద తొయ్యాలని ఉంది. ఒట్టు. కానీ ఆ మందు చేసింది నేను కాదు, మా బావ. ఎవరికియ్యాలో ఎవరికియ్యకూడదో ఆయన రాసిపెట్టలేదు."

తలుపు సగం మూసుకుంది.

హైందవి చేతిలో పిస్టల్ పేలింది. భుజం పట్టుకుని వోల్కర్ బోగీలోంచి ప్లాట్‌ఫారం మీదికి దొర్లాడు. జనం కేకలు. రైల్వే పోలీసులు పరిగెత్తుకొచ్చి వాణ్ణి నేలకి అదిమారు. హైందవి లిప్‌స్టిక్‌ని దుర్గేష్ అరచేతిలో కుక్కింది. వేళ్ళు కాలిపోతున్నాయి. మాత్రల పవర్ అయిపోయినట్టుంది. మోకాళ్ళ మీద కూలబడి, "త్వరగా పిలు ఆవిణ్ణి," అంది.

పద్మ పరుగున వచ్చింది. ఏడుస్తూ, తిడుతూ, శ్యామ్‌సుందర్ చేసిన మందు హైందవి చేతికెక్కించింది. దుర్గేష్ ఆ చేతికే బేడీ వేశాడు.

జేబులో ఫోన్ మోగింది. చీఫ్.

"ట్యూబ్?"

"నా చేతిలో ఉంది సార్. వోల్కర్ కూడా దొరికాడు."

"పద్మ ఫోన్ చేసి చెప్పింది. ఆ హైందవి చివరికి మన మనిషా, వాళ్ళ మనిషా?"

దుర్గేష్ ఆవిడ వైపు చూశాడు. ఇంకా పీక పిసకాలనే ఉంది.

"ప్రస్తుతానికి పేషెంట్ సార్. ఎక్కడైనా ఒక బెడ్ చూడమనండి."